లకుముకి నాళ్ళు

నాట్లు వేసేటప్పుడు సుక్కమ్మ ఎప్పుడూ వరుసకు ఎడమ కొసన నిలబడేది. పాట ఎత్తుకునే మనిషి కొసన ఉంటేనే గొంతు మడంతా పారుతుందని తల్లి నర్సింగమ్మ నేర్పిన లెక్క అది. ఎడమచేతిలో నారుకట్ట. కుడిచేత్తో నాలుగు పరకలు తెంపి బొటనవేలితో బురదలోకి గుచ్చితే, వేళ్ళు పైకి వచ్చేలోపలే బురద తనంతట తానే మూసుకుపోవాలి. గుంట పడితే నారు తేలిపోతుంది. సుక్కమ్మ గుచ్చిన చోట గుంట ఉండేది కాదు. నడుము వంచి వెనక్కి అడుగేస్తూ, చూపు ముందరి పచ్చటి వరుస మీద నిలిపి ఆమె పాడితే, మిగతా ఆడవాళ్ళ చేతులు పాట వెంటే కదిలేవి.

ఆ రోజు నాటుతున్న మడి నిరుడు ఆమెదే. సంఘం భూములు పంచినప్పుడు ఆమె వంతుకు వచ్చింది. తానే దున్నించింది, తానే నాటింది. పంట చేతికొచ్చే వేళకు మిలిటరీ వచ్చింది, దాని వెనకే పట్నం పారిపోయిన దొర వచ్చాడు, కోత దొర కోయించుకున్నాడు. ఈ శ్రావణంలో మళ్ళీ అదే మడిలో ఆమె కూలికి వంగింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పొద్దున మడిలో దిగేముందు సుక్కమ్మ ఒక్కసారి గెట్టు మీద అరచెయ్యి ఆనించింది. అంతే. పక్కనున్న యాదలక్ష్మి అది చూసి చూపు తిప్పుకుంది.

మధ్యాహ్నానికి నడుములు పట్టేశాయి. అలాంటప్పుడు ఎత్తుకునే పాట ఒకటుంది. సుక్కమ్మ ఎత్తుకుంది.

"గట్టు మీద గాలి ఆగె, బాయిల నీళ్ళు నిలిచె
గోడల లకుముకి గుడ్ల మీద కూసుండె
వచ్చె వచ్చె లకుముకి నాళ్ళు, ఓ అక్కలారా..."

ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. "వచ్చిన నాళ్ళను పోనియ్యకుండ్రి, ఓ చెల్లెలారా..."

లకుముకి పిట్ట ఎండాకాలంలో పాత బావుల మట్టిగోడల్లో బొక్క తొలిచి గుడ్లు పెడుతుంది. అది పొదిగినన్ని రోజులూ గాలి కొట్టదని, నీళ్ళు కదలవని, ఇళ్ళల్లో పోట్లాటలుండవని పాత ముసలమ్మల మాట. ఏ ఇంట్లోనైనా మంచి రోజులు నడుస్తుంటే, వాళ్ళవి లకుముకి నాళ్ళు అనేవారు. ఇప్పుడు మాటల్లో ఎవరూ అనడం లేదు. పాటలో మాత్రం మిగిలింది.

రెండో చరణం అందుకునేసరికి గెట్టు మీద నీడలు పడ్డాయి. దొర దగ్గర జీతానికుండే లింగయ్య, అతని పక్కన తుపాకీ పట్టుకున్న జవాను. పాట ఆపమని లింగయ్య చెయ్యి ఎత్తాడు. ఆ పాట ఇక ఊళ్ళో ఎవరూ పాడొద్దని దొర ఆజ్ఞట. పాట ఎత్తుకున్న మనిషి గడికి రావాలట. ఆ మాటలు చెబుతున్నంతసేపూ అతను సుక్కమ్మ ముఖం చూడలేదు. ఆ పాట వింటూ పెరిగినవాడే అతనూ.

సుక్కమ్మ చేతిలో మిగిలిన నారంతా నాటింది. కాలువలో కాళ్ళు కడుక్కొంది, కాసె విప్పి చీర సర్దుకుంది. ఆమె లింగయ్య వెనక నడుస్తుంటే మడిలో పాట లేదు. గెట్టు మలుపులో ఒకసారి వెనక్కి చూసింది. ఆడవాళ్ళ వరుస అప్పుడే వంకర పోయింది.

దొర ఉండే గడి ఇప్పుడు మిలిటరీ క్యాంపు. ముందరి వసారాలో బల్ల వేసుకొని మిలిటరీ ఆఫీసరు కూర్చున్నాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. పక్క కుర్చీలో అమరేందర్‌రావు దొర. పోయేటప్పుడు షేర్వాణీలో పోయిన మనిషి ఖద్దరు టోపీతో తిరిగొచ్చాడు. కింద స్తంభానికి ఆనించి, చేతులు వెనక్కి కట్టి, రఘుపతిని కూర్చోబెట్టారు. రఘుపతి శాలోళ్ళ పిల్లవాడు. మగ్గం నేస్తూనే ఊళ్ళో వాళ్ళకు పేపరు చదివి వినిపించేవాడు. అతని ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి మీద నెత్తురు ఎండి ఉంది. సుక్కమ్మను చూసి తల దించుకున్నాడు.

దొర మెల్లగానే మాట్లాడాడు. లకుముకి నాళ్ళు అంటే సంఘం రాజ్యమని తనకు తెలుసన్నాడు. వచ్చిన నాళ్ళను పోనియ్యకుండ్రి అంటే భూములు విడవొద్దని అర్థమన్నాడు. గుట్టల్లో దాక్కున్న దళం వాళ్ళకు ఊరి కబురు అందించడానికి ఈ పాటను రఘుపతే కట్టి ఆడవాళ్ళకు నేర్పాడన్నాడు.

"నీ మీద ఏం రాదు, సుక్కీ. పిలగాడు నేర్పిండని సాబుతోని ఒక్క మాట అను. ఇంటికి పో."

రెండేళ్ళ కిందటైతే సుక్కమ్మ నోట ముందు 'నీ బానిసను' అన్నట్టు 'బాంచెన్' వచ్చేది. నడుమ ఒక ఏడు అనకుండా గడిచింది కదా, ఇప్పుడు ఆ మాటకు నాలుక తిరగలేదు.

"మా అమ్మ పాడంగ నేర్సిన, దొరా. గాయినె పుట్టకముందటి పాట."

దొర ఆఫీసరు వైపు తిరిగి ఉర్దూలో ఏదో చెప్పాడు. నైజాం రాజ్యంలో పుట్టిన సుక్కమ్మకు ఆ మాత్రం ఉర్దూ తెలియకపోదు. ఈమె భయపడుతోంది, రేపటికి చెబుతుంది అన్నాడని సుక్కమ్మకు అర్థమైంది. భయం ఉన్న మాట నిజమే. కానీ తాను అన్నది అది కాదు. తన మాట తన కళ్ళముందే వేరే మాటై పోవడం చూసి ఆమెకు భయం కంటే ఎక్కువ విస్మయం కలిగింది.

పొద్దు వాలేదాకా ఆమెను వాకిట్లో ఎండకు నిలబెట్టారు. బండలు కాలుతున్నాయి. పొద్దున్నుంచి బురదలో నానిన పాదాలకు ఆ వేడి సూదుల్లా గుచ్చుకుంది. పోనిచ్చేముందు దొర, ఆమె గుడిసె ఉన్న జాగా ఎవరిదో గుర్తుచేశాడు.

ఆమె ఇంటికి చేరేసరికి రఘుపతి తల్లి కృష్ణమ్మ వాకిట్లో కూర్చొని ఉంది. ఆమె సుక్కమ్మ పాదాలు చూసింది. లేచి లోపలికి వెళ్ళి, మూలకున్న జొన్నలు చేటలో పోసుకొని తిరగలి ముందు కూర్చుంది. మగ్గం దగ్గర నూలు చుట్టే మనిషి. తిరగలి ఆమెకు అలవాటు లేదు. అయినా పిండి పూర్తయ్యేదాకా విసిరింది, రొట్టెలు కాల్చింది, చల్లటి నీళ్ళు తెచ్చి సుక్కమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. పోయేటప్పుడు కూడా కొడుకు మాట ఎత్తలేదు. ఏదో ఒకటి అడిగి ఉంటే సుక్కమ్మకు జర తేలికయ్యేది.

వరుసలో ఆమెతోపాటు నాటే యాదలక్ష్మీ బిక్షమ్మా వచ్చారు. యాదలక్ష్మి సూటిగానే చెప్పింది. వాళ్ళు ఆ పిల్లవాణ్ణి ఎట్లాగూ విడవరు, సుక్కమ్మ చెప్పినా చెప్పకపోయినా కాల్చేదే, నడుమ గుడిసె పోగొట్టుకోవడం ఎందుకు అంది. బిక్షమ్మ అసలు సంగతి అడిగింది. రఘుపతి సంఘం మనిషి కాదా?

సంఘం మనిషే. అది సుక్కమ్మకు బాగా తెలుసు. ఆమె కట్టిచ్చిన జొన్నరొట్టెలే అతను నూలుగంపలో పెట్టుకొని గుట్టల దిక్కు పోయాడు. ఆ సంగతి దొరకు తెలియదు. తెలియకనే పాట పట్టుకున్నాడు.

"గాయినె ఏమన్న చేసిండో లేదో గది వేరు," అంది సుక్కమ్మ. "గీ పాట మాత్రం గాయినెది కాదు. మా అమ్మది. వాళ్ళమ్మది. నా నోటితోని అబద్ధమాడి, అమ్మ పాటను ఉరితాడు చెయ్యమంటరా?"

బిక్షమ్మ లేచి, గుడ్డను చల్లటి నీళ్ళలో తడిపి సుక్కమ్మ పాదాలకు చుట్టింది.

మర్నాడు పిలుపు పొద్దున్నే వచ్చింది. మబ్బు విడిచి ఎండ కాస్తోంది. రఘుపతి అదే స్తంభానికి ఉన్నాడు. రాత్రంతా అక్కడే ఉన్నట్టు మెడ ఒక పక్కకు వాలిపోయింది. దొర మళ్ళీ అదే అడిగాడు. సుక్కమ్మ మళ్ళీ అదే చెప్పింది. ఈసారి ఆఫీసరు దొర మాట కోసం ఆగలేదు. ఆమె ముఖమే కాసేపు చూశాడు. ఆ పాట ఏమిటో తాను వినాలన్నాడు. ఇక్కడే, ఇప్పుడే పాడమన్నాడు.

నిన్న పాడొద్దన్న పాటను ఇవాళ పాడమంటున్నారు. సుక్కమ్మ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక నిలబడింది. మడిలో వంగి పాడే పాట అది. నిలబడి, ఖాళీ చేతులతో, తుపాకుల ముందు ఎన్నడూ పాడలేదు. కళ్ళు మూసుకొని ఊహలో నడుము వంచింది. చేతిలో నారు ఉందనుకుంది. వేళ్ళు సన్నగా కదిలాయి. పాట వచ్చింది.

గాలి ఆగింది, నీళ్ళు నిలిచాయి, పిట్ట గుడ్ల మీద కూర్చుంది. "వచ్చె వచ్చె లకుముకి నాళ్ళు, ఓ అక్కలారా..." అక్కడ ఆమె ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే అది. పక్కవాళ్ళు అందుకోవాలి. పక్కన ఎవరూ లేరు. తరువాతి పాదం తానే పాడుకోవాలని ఆమెకు తోచలేదు. పాడటం నేర్చిన నాటి నుంచి ఆ పాదం ఆమెది కాదు, అందుకునేవాళ్ళది. దొర కుర్చీలో వెనక్కి వాలాడు.

గడి లోపలి నుంచి సన్నటి ముసలి గొంతు వచ్చింది.

"వచ్చిన నాళ్ళను పోనియ్యకుండ్రి, ఓ చెల్లెలారా..."

సుక్కమ్మ కళ్ళు తెరిచింది. దొర ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ గొంతు ఆయన తల్లిది, లక్ష్మీనర్సమ్మ దొరసానిది.

లోపల ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. ఒక కాలు నేలకు రాస్తోంది. పక్షవాతంతో సగం ఒళ్ళు పడిపోయిన మనిషి, గోడ పట్టుకొని, తలుపు పట్టుకొని, గడప దాకా వచ్చింది. కొంగు జారిపోయి తెల్లటి జుట్టు బయటపడింది. దొర ఇంట్లో ఉండగా పరాయి మగవాళ్ళ ముందుకు ఆమె ఎన్నడూ రాలేదు. లింగయ్య గబుక్కున ముఖం తిప్పుకొని నిలబడ్డాడు. దొర లేచి, లోపలికి పోవాలని తల్లిని బతిమాలినట్టుగా, కసిరినట్టుగా అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. గడప మీదే కూర్చుండిపోయింది. ఆయాసం తగ్గాక, నేరుగా ఆఫీసరుతో ఉర్దూలో మాట్లాడింది. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. నడుమ కొడుకు తర్జుమా అక్కర్లేకపోయింది.

ఈ పాట కట్టినవాడు ఇక్కడ లేడని చెప్పింది. తాను ఈ గడికి కోడలిగా వచ్చినప్పుడే ఈ పాట ఉందంది. లకుముకి ఎట్లా ఉంటుందో చెప్పింది. ఎర్రటి పొడుగు ముక్కు, నీలం రెక్కలు, ఎండాకాలంలో బావిగోడలో కాపురం. ఆ పిట్ట పొదిగే రోజుల్లో చేదను గోడకు తగలకుండా దించేవారని, బావి దగ్గర గట్టిగా మాట్లాడేవారు కాదని, మనుషులకు మనసు కుదురుగా ఉండే రోజులను ఆ పేరుతోనే పిలిచేవారని చెప్పింది. ఆఫీసరు వింటూ కలం మూత పెట్టి బల్ల మీద పెట్టాడు.

అప్పుడామె కొడుకు వైపు తిరిగింది.

"నీకు తొట్టెల కట్టిన్నాడు ఈమె తల్లి నర్సింగమ్మ పాడింది ఇదే పాట. ఇది పాడితెనె నువ్వు ఊరుకుంటుంటివి. దీనికి ఎవలనన్న సంపాలంటే ముందు నన్ను కూసోబెట్టు, గా స్తంభం కాడ."

దొర చూపు తిప్పుకొని ఖద్దరు టోపీ సర్దుకున్నాడు.

సుక్కమ్మకు ఆ గడప తెలుసు. దొర పట్నం పారిపోయినప్పుడు, బండెక్కలేని తల్లిని ఇక్కడే విడిచిపోయాడు. ఆమె జోలికి ఎవరూ పోవద్దని సంఘం వాళ్ళు చాటించారు. ఊరి ఆడవాళ్ళే వంతులేసుకొని గంజి తెచ్చి తాపించారు. ఆ ఏడంతా గడి తలుపులు తెరిచే ఉన్నాయి. ముసలామె ఇదే గడప మీద కూర్చొని వచ్చేపోయేవాళ్ళ పేర్లు అడిగి తెలుసుకునేది. దొర తిరిగొచ్చాక తలుపులు మూసుకున్నాయి. మళ్ళీ ఆమెను చూడటం ఇదే.

ఆఫీసరు లేచాడు. ఆయన దయగల మనిషని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. రఘుపతి కన్ను మూసుకుపోయింది ఆయన కళ్ళముందే. కానీ అబద్ధమని కళ్ళముందే తేలిపోయిన మాటను కాగితం మీద రాసుకునేంత ఓపిక ఆయనకు లేదు. ఈ పాట మీద కేసు నిలవదని దొరతో ముక్తసరిగా అన్నాడు. రఘుపతి కట్లు విప్పమని జవానుకు సైగ చేశాడు. ఊరు విడిచి పోకూడదు, పిలిచినప్పుడు క్యాంపుకు రావాలి, అంతే.

కట్లు విప్పినా రఘుపతి చేతులు ముందుకు రాలేదు. భుజాలు బిగుసుకుపోయాయి. సుక్కమ్మ పోయి అతని మోచేతులు పట్టుకొని, పసిపిల్లవాడి చేతుల్ని ఒళ్ళోకి తెచ్చినట్టు మెల్లగా ముందుకు తెచ్చింది. అతను ఏదో అనబోయాడు. మాట్లాడకుండా నడువమంది. గడి వాకిలి దాటేముందు ఆమె వెనక్కి చూసింది. దొరసానిని ఇద్దరు దాసీలు రెక్కలు పట్టి లేపుతున్నారు. ఆమె లేవడానికి ఒప్పుకోవడం లేదు.

తరువాతి రోజుల్లో పాట గురించి ఎవరూ వచ్చి అడగలేదు. పాడొద్దనీ అనలేదు, పాడమనీ అనలేదు. నాట్లు బండిబాట పక్కనున్న మడుల దాకా వచ్చాయి. సుక్కమ్మ పాదాలకు పొక్కులు తగ్గలేదు. బురదలో దిగితే మండేవి. అయినా ఎడమ కొస విడిచిపెట్టలేదు. అరుగుల మీద ఒక మాట తిరుగుతోంది. దొరసానిని పట్నం దవాఖానకు పంపిస్తున్నారట. అక్కడే ఉంచుతారట. ఇన్నేళ్ళు లేని దవాఖాన ఇప్పుడెందుకో అందరికీ తెలుసు.

ఆ పొద్దున బాటమీద పరదా కట్టిన కచ్చడం బండి కనబడింది. లింగయ్య తోలుతున్నాడు. వెనక తుపాకీతో ఒక జవాను నడుస్తున్నాడు. గడి బండి పోతుంటే ఆడవాళ్ళు ముఖం తిప్పుకొని నిలబడాలని పాత ఆచారం. మడిలో ఉన్నవాళ్ళు వంగే ఉన్నారు. సుక్కమ్మ మాత్రం నడుము నిలబెట్టి చూసింది.

బండి మడి పక్కకు వచ్చి ఆగింది. పరదా ఒక పక్కకు జరిగింది. పరుపు మీద ఆనుకొని కూర్చున్న దొరసాని బయటికి చూస్తోంది. మడినీ, నీళ్ళలో కొత్తగా నిలబడ్డ నారునూ, బురద చేతుల ఆడవాళ్ళనూ ఒక్కొక్కరినీ చూసింది. తన పొలాలను ఆమె ఈ బాట మీది నుంచి ఎన్నడైనా పరదా లేకుండా చూసిందో లేదో.

"సుక్కమ్మా," అని పిలిచింది.

గడి వాళ్ళు సుక్కీ అనే పిలుస్తారు. సుక్కమ్మ అన్నది ఈ ముసలామె ఒక్కతే. సుక్కమ్మ గెట్టు ఎక్కి బండి దగ్గరకు పోయింది. చేతులు బురదగా ఉన్నాయని వెనక్కి పెట్టుకుంది.

"పాదాలు మానినయా?"

"మానుతయి, దొరసాని."

దొరసాని బాగున్న చెయ్యి చాచింది. సుక్కమ్మ సంకోచిస్తూనే తన చెయ్యి ముందుకు పెట్టింది. ముసలి వేళ్ళకు బురద అంటుకుంది. ఆమె తుడుచుకోలేదు.

"ఒకటి అడుగుత. నా వయసుకు సిగ్గు లేదు, నిజమే చెప్పు. గా నాళ్ళు... పాటల గాదు. నువ్వు కండ్లతోని ఎన్నడన్న చూసినవా?"

సుక్కమ్మ లింగయ్యను చూసింది, అవతల జవానును చూసింది. గడిలో తాను చెప్పింది నిజమే. ఆ పాట అమ్మది, అమ్మమ్మది, దాన్ని ఎవరూ కొత్తగా కట్టలేదు. కానీ దొరసాని ఇప్పుడు అడుగుతున్నది పాట సంగతి కాదు. దీనికి జవాబు చెబితే గుడిసె ఉంటుందో ఊడుతుందో. ఆమె తల తిప్పి, బాటకు అవతల కొంచెం దూరంలో, మొన్న నాటిన తన మడిని చూసింది. నారు కుదురుకొని పచ్చబడుతోంది.

"చూసిన, దొరసాని," అంది. "ఒక్క ఏడు. దొర ఊర్లె లేని ఏడు."

లింగయ్య ఎడ్ల మెడల మీద కాడి సర్దుతున్నట్టు వంగిపోయాడు. జవానుకు తెలుగు రాదు. మడిలో ఎవరూ కదలలేదు.

దొరసాని కోప్పడలేదు. ఆమె పెదవులు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. తరువాత, పక్కింటి మనిషితో రహస్యం చెప్పినట్టు కొంచెం ముందుకు వంగింది.

"నేను సుత గా ఏడే చూసిన," అంది. "నడువు, లింగయ్యా."

బండి కదిలింది. లింగయ్య అలవాటు కొద్దీ పరదా సర్దబోతే ఆమె చేత్తో ఆపింది. బాట మలుపు తిరిగేదాకా ఆ తెల్లటి తల ఎండలో కనబడుతూనే ఉంది. ఆడవాళ్ళంతా నడుములు నిలబెట్టి చూశారు. ఏ ఒక్కరూ ముఖం తిప్పుకోలేదు.